కార్డు టెస్టు నెగెటివ్, జ్వరం మాత్రం తగ్గలేదు.. జన్యు పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. మూడు రోజులుగా 102 జ్వరం, కళ్ల వెనక నొప్పి అంటున్నాడు. వీధి చివరి క్లినిక్‌లో డెంగీ కార్డు టెస్టు నెగెటివ్ వచ్చింది. పీసీఆర్ చేయిస్తే రిపోర్టు రేపు ఇస్తామన్నారు. వైరస్ జన్యువును గంటలో పట్టేసే చిన్న మిషన్లు, రంగు మారే ట్యూబులు వచ్చాయట కదా. ఇంటికి తెచ్చుకోలేమా? - ఓ తల్లి, ఉప్పల్

సమాధానం: కార్డు నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ కాదని చెప్పలేమమ్మా. అది వెతికేది ఎన్‌ఎస్‌1 అనే వైరస్ ప్రోటీన్‌ను. రక్తంలో తగినంత లేకపోతే గీత పడదు. ఇదివరకే ఒకసారి డెంగీ వచ్చిపోయిన వాళ్లలో ఇంకా తప్పించుకుంటుంది.

పీసీఆర్ వెతికేది వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏను. దాన్ని డీఎన్‌ఏగా మార్చి, వేడి పెంచుతూ దించుతూ రెట్టింపు చేస్తారు. 30 సార్లు రెట్టింపైతే ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. అందుకే కార్డుకు అందనిది దీనికి దొరుకుతుంది.

చిన్న మిషన్ల మాట నిజమే. గోవాలో తయారయ్యే ట్రూనాట్ అనే మిషన్ బ్యాటరీతో నడుస్తుంది, సుమారు గంటలో ఫలితమిస్తుంది. కొవిడ్‌కు వాడారు, క్షయకు ఇప్పటికీ వాడుతున్నారు. రంగు మారే ట్యూబుది ల్యాంప్ (LAMP) అనే మరో జన్యు పరీక్ష పద్ధతి. 65 డిగ్రీల దగ్గర ఒకే వేడి ఉంటే చాలు. వినడానికి వంటింటి పనిలాగే ఉంటుంది! చిక్కంతా అంతకు ముందుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ వంటివి జన్యువుకు కాపీలు తీసే ఎంజైము పనికి అడ్డం పడతాయి కాబట్టి రక్తంలోంచి ఆర్‌ఎన్‌ఏను శుభ్రంగా విడదీయాలి. ముక్కు స్వాబ్ అయితే కొంత నయం. మీకు దగ్గర్లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు 2020లో పొడి స్వాబ్‌తో, ఆర్‌ఎన్‌ఏ విడదీసే పనే లేకుండా కొవిడ్ పరీక్ష చేసి చూపించారు, దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ అనుమతి కూడా వచ్చింది. రక్తం అంత తేలిగ్గా లొంగదు. పైగా పరీక్ష అయ్యాక ఆ ట్యూబు మూత ఒక్కసారి తెరిస్తే చాలు, కోట్ల కాపీలు గదంతా చేరి తర్వాతి పరీక్షలు వైరస్ లేకున్నా పాజిటివ్ చూపించొచ్చు.

నన్నడిగితే ఈ పెట్టెలు ముందు వెళ్లాల్సింది ఆదిలాబాద్ ఏజెన్సీలోని పీహెచ్‌సీలకు. ఉప్పల్‌లో ల్యాబ్ ఆటో దూరమే.

ఇంతకీ రోజుల లెక్క మరిచిపోవద్దు. పీసీఆర్ గానీ ఎన్‌ఎస్‌1 గానీ బాగా పనికొచ్చేది జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లోనే. మీ ప్రశ్న నాకు చేరి, ఈ జవాబు మీరు చదివేసరికి అవి దాటిపోయి ఉంటాయి. అప్పుడు చేయించాల్సింది వైరస్‌పై ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను వెతికే ఐజీఎం ఎలీసా, దాంతోపాటు ప్లేట్‌లెట్లు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూసే సీబీపీ రక్తపరీక్ష. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో చూపించండి.

డెంగీ అని తేలినా వైరస్‌ను చంపే మందు లేదు. బాబు బరువును బట్టి పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వండి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దే వద్దు. ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, గంజి ఏది తాగితే అది పట్టించండి. జ్వరం దిగగానే తగ్గిపోయిందనుకుంటారు గానీ అసలు ప్రమాదం ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మత్తుగా పడి ఉండటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం.. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రిపోర్టు కోసం ఆగొద్దు.