రేసు కోసం బోరు పెంచిన పాత బ్లాకు కొనొచ్చా?

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుని డ్రాగ్ రేసుకి (తిన్నగా 402 మీటర్లు దూసుకెళ్లే పందెం) తయారు చేస్తున్నా, బోరు (పిస్టన్ ఆడే రంధ్రం వెడల్పు) పెంచిన సెకండ్ హ్యాండ్ బ్లాకు, అదే సిలిండరు, దొరికింది, తీసుకోనా అని అడిగావు తమ్ముడూ. తీసుకో, కానీ లోపల పిస్టన్ రింగు పెట్టి అరుగుదల చూశాకే. నేను చూడలేదు, మూడున్నర వేలు వదిలాయి.

పదేళ్ల కిందటి మాట. విజయవాడ ఆటోనగర్ గేటు దగ్గర టీ కొట్టులో కలిశాడు అమ్మేవాడు. బ్లాకుని పెట్రోలుతో కడిగి, పేపర్లో చుట్టి, పెళ్లి లడ్డూలా తెచ్చాడు. "మూడో సైజన్నా, ఒక్క రేసే కొట్టింది" అన్నాడు. బోరు అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు పెంచి పెద్ద పిస్టన్ వేస్తారు, అదే ఒక సైజు. పిస్టన్ మీద 75 అని, అంటే 0.75 మిల్లీమీటరు పెద్దదని, నంబరు కూడా ఉంది. లోపల తళతళా మెరిసిపోతుంటే ఇంకేం చూస్తాం? ఆ మెరుపు ఎమెరీ పేపరుతో రుద్దితే వచ్చిందని తర్వాత తెలిసింది.

బోరు గోడని రాయితో సన్నగా గీసే హోనింగ్ కొట్టిద్దామని అక్కడే లేత్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన ఏమీ అనలేదు. ఆ పిస్టన్ రింగే తీసి, అంతగా అరగని బోరు అడుగున పెట్టి, పిస్టన్‌తో తోసి సమంగా నిలబెట్టి, రింగు కొసల మధ్య సందు కొలిచే పలుచటి రేకు, ఫీలర్ గేజ్, దూర్చాడు. 0.3 మిల్లీమీటరు. అదే రింగుని సైలెన్సర్ పోర్టుకి, అంటే పొగ బయటికి పోయే రంధ్రానికి, కాస్త పైన పెట్టాడు. 0.9! "తేడాని మూడుతో భాగించు అబ్బాయ్, బోరు ఎంత అరిగిందో వస్తుంది" అన్నాడు. అంటే దాదాపు 0.2. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు తలవెంట్రుక మందం కన్నా తక్కువ! పైగా పిస్టన్ జామ్ అయిన గీతలున్నాయి, నాలుగో సైజు కొట్టినా పోనంత లోతుగా. ఇక స్లీవ్, అంటే బ్లాకు లోపలి ఇనప గొట్టం, మార్చడమే. కొత్త స్లీవ్ పోర్టులు బ్లాకు పోర్టులతో కలవాలి, ఎత్తులో తేడా వస్తే ఇంజిన్ తీరే మారిపోతుంది. రేసు కోసం పోర్టులు మలచిన పని, డబ్బులిచ్చి కొన్న ఆ పోర్టింగ్ అంతా కృష్ణార్పణం.

అసలు బోరు పెంచితే ఏదో అయిపోతుందన్న పిచ్చి మనవాళ్లకి ఎందుకో నాకర్థం కాదు. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50, మొత్తం 98 సీసీ. నాలుగు సైజులూ కొట్టేసి 51 చేస్తే వచ్చేది 102. నాలుగు సీసీ కోసం బ్లాకు ఆయుష్షంతా తినేయడమా? 402 మీటర్లలో బండిని లాగేది పోర్టులూ, సైలెన్సరూ, కార్బురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టూనే. అమ్మేవాళ్లు మాత్రం మిగిలిపోయిన ఆఖరి సైజుకి 'రేసు బ్లాకు' అని పేరు పెట్టి రేటు పెంచుతారు. 1996లో తయారీ ఆగిపోయిన బండి కదా, ఎంత చెబితే అంత. ఆ సైలెన్సర్లు పీకేసి అర్ధరాత్రి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద హెల్మెట్ లేకుండా తిరిగే పిల్లల్ని చూస్తే ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి. రేసు రోడ్డు మీద కాదు, ట్రాక్ మీద కొట్టు.

వెళ్లేటప్పుడు ఒక ఫీలర్ గేజ్ జేబులో వేసుకుని వెళ్లు. ఆ పిస్టన్ రింగే అడుగు, పైనా కిందా పెట్టి చూడు. "అవన్నీ ఎందుకన్నా, నమ్మకం లేదా" అన్నాడంటే టీ తాగి వచ్చేయ్.