ప్రపంచం బాగుపడాలంటే ఏం కావాలి? హైవే పక్కన మెడికల్ షాపు నుంచి నా జవాబు

ప్రపంచం ఇంకాస్త మంచిగా మారాలంటే ఏం జరగాలి అని అడిగారు. నా జవాబు చిన్నది. ముక్కూ మొహం తెలియని మనిషికి సాయం చేసినవాడు, ఆ సాయం చేసినందుకే ఇబ్బందుల్లో పడకూడదు. మనుషుల్లో మంచితనం కరువైపోయిందని అందరూ అంటుంటారు, నేను ఒప్పుకోను. మంచితనానికి ఏం కొదవ లేదు. దానికి భయం అడ్డం పడుతోంది, అంతే.

సూర్యాపేట దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన నాకు మెడికల్ షాపు ఉంది. ఎక్కడ యాక్సిడెంట్ అయినా ముందు దూది కోసం, బ్యాండేజీ కోసం మా షాపుకే పరిగెత్తుకొస్తారు. అందుకే ఈ సంగతి నాకు దగ్గరగా తెలుసు.

ఒక సాయంత్రం పాల క్యాన్లు కట్టుకుని బైక్ మీద వెళ్తున్న మనిషిని వెనక నుంచి కారు తగిలించి వెళ్లిపోయింది. నేను వెళ్లేసరికి చుట్టూ ఇరవై, ముప్పై మంది ఉన్నారు. క్యాన్ల మూతలు ఊడి పాలు రోడ్డంతా పారుతున్నాయి. అతని తొడ చీరుకుపోయి నెత్తురు ఆగకుండా కారుతోంది. స్పృహ ఉంది, మూలుగుతున్నాడు. ఒకాయన నీళ్ల సీసా మూత తీసి తాగించబోయాడు. ఒక కుర్రాడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఒక పెద్దావిడ "అయ్యో కొడుకా" అని ఏడుస్తోంది. వాళ్లలో రాతిగుండె మనుషులు ఎవరూ లేరు. కానీ ఎవరూ అతన్ని ముట్టుకోలేదు.

నీళ్లు వద్దని ఆపాను. దెబ్బలు గట్టిగా తగిలినవాళ్లకు నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పైగా వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తే కష్టం. శుభ్రమైన తువ్వాలు మడతపెట్టి గాయం మీద అరచేత్తో బలంగా నొక్కాను. నెత్తురు తువ్వాలు దాటి వస్తుంటే దాన్ని తీయకుండా పైన ఇంకోటి వేసి నొక్కాలి. చాలామంది మాటిమాటికీ తీసి చూస్తారు, అప్పుడు గడ్డకట్టబోయే నెత్తురు మళ్లీ మొదలవుతుంది.

108కి ఫోన్ చేస్తే దగ్గరి బండి వేరే కేసుకు వెళ్లింది, ఇంకోటి దూరం నుంచి రావాలి అన్నారు. పక్కనే ఖాళీ ట్రాలీ ఆటో ఆగి ఉంది. మనిషిని చదునుగా పడుకోబెట్టడానికి వీలైన బండి. డ్రైవర్‌ను అడిగితే తలదించుకున్నాడు.

"అన్నా, ఇట్లనే ఒకర్ని తీస్కపోయి దవాఖాన్ల ఏసిన. నువ్వే గుద్దినవా అని అడిగిన్రు. బండి స్టేషన్ల పెట్టుకున్నరు. నెలల తరబడి తిప్పిన్రు. కిరాయిలు పోయినయ్, కిస్తీ కట్టలేకపోయిన. పిల్లలున్నరన్నా."

ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోను. ఒకసారి మంచి చేసినందుకే ఆ మనిషి అంత నష్టపోయాడు. రెండోసారి వెనకాడితే అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికి ఉంది?

"తమ్మీ, ఇప్పుడు చట్టం మారింది. పేరు చెప్పక్కర్లేదు, నంబర్ ఇవ్వక్కర్లేదు. నేను నీ పక్కనే కూర్చుంటా" అన్నాను. ఒక్క క్షణం నా మొహం చూసి ట్రాలీ తలుపు దించాడు. ఇంతసేపూ దూరంగా నిలబడ్డవాళ్లే టార్పాలిన్ తెచ్చి, నలుగురూ నాలుగు మూలలా పట్టుకుని, మెడ, నడుము కదలకుండా ఎత్తి పడుకోబెట్టారు. వీడియో తీస్తున్న కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుని ట్రాలీలోకి ఎక్కి దారంతా తల కదలకుండా పట్టుకున్నాడు.

ఆసుపత్రి కౌంటర్‌లో మొదటి ప్రశ్న "పేషెంట్ మీకేమవుతారు?", రెండోది "అడ్వాన్స్ ఎవరు కడతారు?" నేను గొడవపడలేదు. తీసుకొచ్చినవాళ్లను డబ్బు అడగకూడదని సుప్రీంకోర్టు చెప్పింది, డ్యూటీ డాక్టర్‌ను పిలవండి అని మాత్రం గట్టిగా అన్నాను. డాక్టరమ్మ వచ్చి కాగితాల సంగతి తర్వాత అని లోపలికి తీసుకుంది. ఆ మనిషి బతికాడు. తొడ ఎముక విరిగింది, చాలాకాలం మంచం మీదే ఉన్నాడు, ఇప్పుడు మళ్లీ పాలు పోస్తున్నాడు.

తర్వాత వాళ్లమ్మ మా షాపుకొచ్చింది. "ఏ ఊరు బిడ్డా, ఎవరింటోనివి?" అని వరసలు కలిపి చూసుకుంది. ఏ వరసా కలవలేదు. "చుట్టానివి కాదు, మా కులపోనివి కాదు, మా ఊరోనివి కాదు. మరెందుకు ఆగినవు బిడ్డా?" అంది. ఆమె ఆశ్చర్యం నిజమైనది. ఆ ప్రశ్న పుట్టని లోకం కావాలని నా కోరిక. మన దగ్గర ఎండాకాలం చలివేంద్రం పెడతారు చూడండి. అక్కడ నీళ్లు తాగేవాడి కులం, ఊరు ఎవరూ అడగరు, పోసేవాణ్ణి ఎందుకు పోస్తున్నావనీ అడగరు. ప్రాణం విషయంలోనూ అంత మామూలైపోవాలి.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది తెలియకే భయం అలాగే ఉండిపోయింది.

1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, గాయపడిన మనిషి వస్తే పోలీసు కేసు అవుతుందా లేదా అని చూడకుండా ప్రతి డాక్టరూ ముందు ప్రాణం కాపాడాలని చెప్పింది. స్కూటర్ మీద వెళ్తూ దెబ్బతిన్న మనిషిని ఒకరు దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తే, మెడికో లీగల్ కేసులు, అంటే పోలీసులకు చెప్పాల్సిన కేసులు, ఇక్కడ చూడం అని దూరంగా ఉన్న మరో ఆసుపత్రికి పంపారు. దారిలోనే అతను చనిపోయాడు. ఆ కేసు వెనక కథ అది.

2007లో ఢిల్లీలో పీయూష్ తివారీ అనే ఆయన దగ్గరి బంధువు, బడి నుంచి ఇంటికొస్తున్న కుర్రాడు, బండి గుద్ది రోడ్డు మీద పడిపోయాడు. సాయం అడిగినా ఎవరూ ఆగలేదు. నెత్తురు పోయి చనిపోయాడు. తివారీ మరుసటి ఏడాది రోడ్డు భద్రత కోసం సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ మొదలుపెట్టి, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. సాయం చేసినవాళ్లను కాపాడే మార్గదర్శకాలను 2015లో కేంద్రం ప్రకటించింది, 2016 మార్చి 30న కోర్టు వాటికి చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోకే 134ఎ అనే సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినప్పుడు పొరపాటున ఏదైనా జరిగినా, సాయం చేసినవాడి మీద సివిల్, క్రిమినల్ కేసులు ఉండవు. ఫోన్ చేసి చెప్పినా, ఆసుపత్రిలో చేర్పించినా పేరు, చిరునామా ఇవ్వమని బలవంతం చేయకూడదు. సాక్షిగా ఉండాలా వద్దా అన్నది మన ఇష్టం. ఉంటామంటే మనకు వీలైన చోట ఒక్కసారి వాంగ్మూలం తీసుకుంటే సరిపోతుంది.

ఒక్క ఏడాది లెక్క చెప్తాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. మొదటి గంటలో ఆసుపత్రికి చేరిస్తే ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో కనీసం సగం మందిని బతికించవచ్చని డాక్టర్లు చెప్తున్నట్టు లా కమిషన్ 2006లోనే రాసింది. సగం మంది! కొత్త మందు కనిపెట్టక్కర్లేదు, కోట్లు ఖర్చు పెట్టక్కర్లేదు. దారిన పోయేవాడు ధైర్యంగా ఆగితే చాలు.

మన హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న 108 మొదలైంది, తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. అది నిజంగా గర్వపడాల్సిన విషయం. కానీ అంబులెన్స్ వచ్చేలోపు ఆ కాసేపు పడిపోయినవాడి పక్కన ఉండేది మనమే. అందుకే కొన్ని పనులు తెలిసి ఉండాలి. హైవే మీద ఎక్కడున్నామో చెప్పలేకపోతే పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి వెతికి దాని మీద నంబర్ చెప్పండి. జాతీయ రహదారి అయితే హైవే హెల్ప్‌లైన్ 1033కి కూడా చేయొచ్చు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగేయొద్దు. స్పృహ లేకుండా ఊపిరి తీస్తూ వాంతి చేసుకుంటుంటే, తలా మెడా ఒకే వరసలో ఉంచి ఒళ్లంతా కలిపి పక్కకు తిప్పండి. మెడ మీద, వెన్ను మీద దెబ్బ తగిలిందనిపిస్తే అంబులెన్స్ వచ్చేదాకా కదపకపోవడమే మేలు. ప్యాసింజర్ ఆటోలో మనిషిని మడిచి కుక్కడం అన్నిటికంటే ప్రమాదం. మా పాలాయన విషయంలో నెత్తురు ఆగలేదు, బండి దూరంలో ఉంది, చదునైన ట్రాలీ దొరికింది, అందుకే కదిపాం.

తీవ్రంగా గాయపడినవాళ్లను మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవాళ్లకు 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టారు, ఇప్పుడు అది 'రాహ్‌వీర్' పేరుతో 25,000 అయింది. బాధితులకు ప్రమాదం జరిగినప్పటి నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత వైద్యం అందించే పథకం 2025లో వచ్చింది. మంచివే. అయినా ఆ ట్రాలీ డ్రైవర్ అడిగింది బహుమతి కాదు. బండి తన దగ్గరే ఉండాలి, మర్నాడు కిరాయికి వెళ్లగలగాలి. ముందు ఆ భరోసా దక్కితే ఆగేవాళ్లు వాళ్లంతట వాళ్లే పెరుగుతారని నా నమ్మకం.

ఆ భరోసా జనానికి అందించే పని మనం చేయొచ్చు. నేను ఈ హక్కులన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, జిరాక్స్ తీసి షాపులో ఉంచాను. ఆటో స్టాండ్‌లో, దాబాల్లో, టైర్ల షాపుల్లో ఇస్తుంటాను. కాలేజీ పిల్లలకు చెప్తే ఇంటికెళ్లి నాన్నలకు చెప్తున్నారు.

మీరు ఈ వారంలో చేయగలిగింది ఒకటుంది. సాయం చేసినవారి హక్కుల బోర్డును ప్రతి ఆసుపత్రీ గుమ్మం దగ్గర స్థానిక భాషలో కూడా పెట్టాలని నిబంధన ఉంది. మీ ఊళ్లో ఉన్న ఆసుపత్రిలో అది ఉందో లేదో చూడండి. లేకపోతే సూపరింటెండెంట్‌కు గానీ మేనేజర్‌కు గానీ ఒక కాగితం రాసివ్వండి. వాళ్లు పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ అర్జీ పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ సోమవారాలే అర్జీలు తీసుకుంటారు.