సీఎస్ఈ సీటుకు 9 లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. హార్డ్‌వేర్ దుకాణం మీద నెలకు 45 వేలు మిగులుతాయి. అందులో 11 వేలు ఇంటి రుణం వాయిదాకే పోతుంది. బ్యాంకులో 4 లక్షల డిపాజిట్, ఇంట్లో 12 తులాల బంగారం ఉన్నాయి. అమ్మాయికి ఈఏపీసెట్‌లో 61 వేల ర్యాంకు వచ్చింది. హైదరాబాద్ శివార్లలోని ఒక చిన్న ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో మేనేజ్‌మెంట్ కోటా కింద సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు ఇప్పిస్తానని ఒక కన్సల్టెంట్ అంటున్నారు. ఫీజు ఏడాదికి లక్షన్నర, అది కాక ముందుగా 3 లక్షలు నగదు. హాస్టల్‌కు ఏడాదికి 95 వేలు. కన్వీనర్ కోటాలో అయితే మా ఊరి దగ్గరే ఒక కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చేలా ఉంది. అక్కడ ఫీజు 65 వేలు, బస్సుకు 25 వేలు. మా ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అబ్బాయి తొమ్మిదో తరగతి. 8 లక్షల విద్యా రుణం తీసుకుని సీఎస్ఈలో చేర్పించవచ్చా? శనివారంలోగా 50 వేలు అడ్వాన్సు కట్టమంటున్నారు.

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి నా సలహా ఒక్కటే. ఈ సీటు తీసుకోకండి, శనివారం ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ముందు మొత్తం ఖర్చు చూద్దాం. నగదు 3 లక్షలు, నాలుగేళ్ల ఫీజు 6 లక్షలు, హాస్టల్ 3 లక్షల 80 వేలు. ల్యాప్‌టాప్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, పండగలకు రాకపోకలు కలిపితే 14 లక్షలకు తగ్గదు. ఊరి దగ్గరి ఈసీఈ సీటుకు ఇవన్నీ కలిపినా నాలుగున్నర లక్షలు. అంటే మీరు అడుగుతున్నది తొమ్మిదిన్నర లక్షల తేడా గురించి. ఆ తేడాతో అమ్మాయికి అదనంగా ఏం దక్కుతుందన్నదే మనం తేల్చుకోవాలి.

మీ డిపాజిట్‌లో మూడు లక్షలు నగదు కిందే పోతాయి. మిగతాదాంట్లో 8 లక్షలు రుణం. ఏడాదికి 2 లక్షల చొప్పున బ్యాంకు విడుదల చేస్తుందనుకుందాం, వడ్డీ పదిన్నర శాతం అనుకుందాం. చదివే నాలుగేళ్లు, ఆ తర్వాత ఇచ్చే ఏడాది గడువు ముగిసేసరికి ఒక్క వడ్డీయే 2 లక్షల 94 వేలు అవుతుంది. అప్పటికి బాకీ దాదాపు 11 లక్షలు. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు 18,400 రూపాయలు కట్టాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలు కొత్తవారికి ఇచ్చే జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల అటూ ఇటూనే ఉంది. కోతలన్నీ పోగా చేతికొచ్చేది నెలకు పాతిక వేలు. హైదరాబాద్‌లో అద్దె, తిండి, ప్రయాణం పోగా ఆ వాయిదా కట్టడం ఆమె వల్ల కాదు. ఆ భారం మళ్లీ మీ దుకాణం మీదే పడుతుంది. అప్పటికి మీ అబ్బాయి కూడా ఇంటర్ ముగించి పైచదువులో ఉంటాడు. ఇదంతా అమ్మాయికి నాలుగో ఏడులో ఉద్యోగం వచ్చిందనుకుని వేసిన లెక్క.

పైగా ఆ రుణం దొరకడమూ తేలిక కాదు. మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు కేంద్రం విద్యా రుణాల పథకమైన పీఎం విద్యాలక్ష్మి వర్తించదు. మామూలు విద్యా రుణమైతే ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు ఆస్తి తనఖా అడుగుతాయి. మీ ఇల్లు ఇప్పటికే ఒక రుణంలో ఉంది. కన్సల్టెంట్ అడుగుతున్న 3 లక్షలకు రసీదు ఉండదు కాబట్టి దానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. అసలు ఆ డబ్బు క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం అసలు ఫీజుకు మించి వసూలు చేసే సొమ్ము కిందికి వస్తుంది. దాన్ని నిషేధిస్తూ 1983లోనే చట్టం వచ్చింది. రేపు తేడా వస్తే ఆ డబ్బు ఇచ్చినట్లు నిరూపించే కాగితం ముక్క కూడా మీ దగ్గర ఉండదు. ఏ కళాశాల ఎంత ఫీజు తీసుకోవాలో రాష్ట్ర ప్రవేశాలు, రుసుముల నియంత్రణ కమిటీ నిర్ణయిస్తుంది. ఆ కళాశాలకు ఖరారైన ఫీజు ఎంతో జీవోలో చూడండి.

ఇక ఫలితం సంగతి. ‘95 శాతం ప్లేస్‌మెంట్లు’ అన్న ఫ్లెక్సీని పక్కన పెట్టండి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే ప్రకటనల్లో మూడుగా లెక్కించే కళాశాలలున్నాయి. కళాశాల వెబ్‌సైటులో ఎన్ఐఆర్ఎఫ్ అన్న లింకు వెతకండి. కేంద్ర విద్యాశాఖ ర్యాంకింగుల కోసం కళాశాల స్వయంగా పంపిన పత్రం అందులో ఉంటుంది. దాంట్లో ‘ప్లేస్‌మెంట్, ఉన్నత చదువులు’ అనే పట్టిక చూడండి. ఒక్కో బ్యాచ్‌కు ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగేళ్లలో గట్టెక్కారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అన్నవి వరుసగా ఉంటాయి. చేరినవారి సంఖ్యతో ఉద్యోగాల సంఖ్యను మీరే భాగించండి. ఉదాహరణకు 400 మంది చేరి, 260 మంది పాసై, 130 మందికి ఉద్యోగాలొస్తే అది ముగ్గురిలో ఒకరి కళాశాల. మధ్యస్థ జీతం 3 లక్షలంటే ఉద్యోగం వచ్చినవారిలోనూ సగం మందికి అంతకు మించలేదని అర్థం. కళాశాల అసలు ఆ పత్రమే పెట్టకపోతే నేనైతే అక్కడితో ఆగిపోతాను.

చిన్న కళాశాలలన్నీ పనికిరానివని నేను అనను. బ్రాంచికి ఒకటో రెండో సెక్షన్లు, ఏళ్ల తరబడి అక్కడే ఉన్న అధ్యాపకులు, పేరు పెట్టి పిలిచే విభాగాధిపతి ఉన్న చోట సాధారణ విద్యార్థులు బాగా రాణిస్తారు. మీ ఊరి దగ్గరి కళాశాలనూ ఇదే కంటితో చూడండి. ఈసీఈకి ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా? పనిదినం మధ్యాహ్నం వెళ్లి ల్యాబ్‌లో నిలబడండి. పరికరాల మీద దుమ్ముందా, పిల్లలున్నారా, పాఠం చెప్పే మనిషి ఉన్నారా? మూడో ఏడు పిల్లలను ఇద్దరిని పక్కకు పిలిచి, ఈ ఏడాది ఎంతమంది అధ్యాపకులు మారారో అడగండి. అక్కడ బాగాలేదనిపిస్తే ఈసీఈ, ఈఈఈ (ఎలక్ట్రికల్), డేటా సైన్స్ అన్నీ కలిపి వెబ్ ఆప్షన్లు వీలైనన్ని ఎక్కువ పెట్టండి. గత ఏడాది ఏ కళాశాలలో ఏ ర్యాంకుతో సీట్లు ముగిశాయో కౌన్సెలింగ్ వెబ్‌సైటులోనే ఉంటుంది.

ఈసీఈ చదివితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాదేమోనన్న భయం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. క్యాంపస్ నియామకాలకు వచ్చే సేవల కంపెనీల్లో చాలావాటికి బ్రాంచి అడ్డు కాదు. 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) లేకపోవడం, పరీక్షలో ప్రోగ్రాం రాయగలగడం చూస్తాయి. అమ్మాయి రెండో ఏడు నుంచి ప్రోగ్రామింగ్ మీద కూర్చుంటే ఐఐటీలు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి.

ఈసీఈ ఖర్చు నెలకు తొమ్మిదిన్నర వేలు పడుతుంది. మీ సంపాదనలోనే సర్దుకోవచ్చు. డిపాజిట్‌లో రెండు లక్షలు అత్యవసరాలకు అలాగే ఉంచండి, మిగతా రెండు లక్షలను అమ్మాయి పైచదువుకో, అబ్బాయికో కేటాయించండి. బంగారం జోలికి వెళ్లకండి. మీ ఉత్తరంలో అమ్మాయి ఏం కోరుకుంటోందో ఒక్క మాట లేదు. ఈ లెక్కలన్నీ ఆమె ముందు పెట్టి మాట్లాడండి, ఆ అప్పు మోయాల్సింది ఆమె కూడా.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పటికే ఆ కళాశాల వారి చేతికిచ్చి ఉంటే వెంటనే వెళ్లి లిఖితపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. వాటిని అట్టిపెట్టుకోవడం ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ సంస్థ) నిబంధనలకు విరుద్ధం. తరగతులు మొదలుకాకముందే సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించి మినహాయించుకోకుండా ఫీజు తిరిగివ్వాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. కానీ అది రసీదుతో కట్టిన డబ్బుకే అక్కరకొస్తుంది.