స్ట్రాబెర్రీ హిల్ హౌస్ నిజంగా పాతకాలపు కోటేనా? వెళ్లి చూడొచ్చా?

మీరు ఫొటో పెట్టి అడిగిన తెల్ల కోట లండన్ శివారు ట్వికెన్‌హామ్‌లోని స్ట్రాబెర్రీ హిల్ హౌస్. మధ్యయుగాల నాటిదా, చూడదగిందేనా అని కదా మీ ప్రశ్న. మధ్యయుగాలది కాదు, కోటా కాదు. కానీ తప్పకుండా చూడండి. అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. సగం జవాబు ఆవిడ మాటల్లోనే ఉంది.

కట్టించినాయన హొరేస్ వాల్‌పోల్, బ్రిటన్ తొలి ప్రధానిగా చెప్పుకునే రాబర్ట్ వాల్‌పోల్ కొడుకు. 1747లో ఇక్కడో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, తర్వాత కొనేసి, ఏళ్ల తరబడి ఒక్కో గదీ కలుపుకుంటూ పోయాడు. అప్పట్లో డబ్బున్నవాళ్లకు రోమన్ స్తంభాలు, అటూ ఇటూ కొలిచి కట్టినట్టుండే ఇళ్లంటే మోజు. అదే ఊళ్లో ఉన్న మార్బుల్ హిల్ హౌస్ అలాంటిదే, ముఖభాగం ఫొటో తీసి మధ్యకు మడిస్తే రెండు సగాలూ అతుక్కుంటాయి. వాల్‌పోల్ ఇల్లు అలా మడవలేం. ఒక చివర గుండ్రటి బురుజు, కోసుగా లేచిన కిటికీలు, పిట్టగోడకు కోట పళ్లు. ఎన్నో తరాలు కలిసి కట్టినట్టు కనబడాలని కావాలనే అలా కట్టించాడు.

లోపలికి వెళ్లగానే చీకటి. హాల్లో గోడలనిండా రాతి కమానులు చెక్కినట్టుంటుంది. దగ్గరికెళ్తే చెక్కడమూ లేదు, రాయీ లేదు. బూడిద రంగులో వేసిన బొమ్మ! వూస్టర్ ఊళ్లోని కెథీడ్రల్ (పెద్ద చర్చి)లో ఆర్థర్ యువరాజు సమాధి చుట్టూ ఉన్న పనితనాన్ని చూసి వేయించాడు. ఈ మసక వాతావరణానికి ‘గ్లూమ్‌త్’ అని సొంతంగా ఓ మాట కూడా పుట్టించుకున్నాడు. ఓ రాత్రి తనో పాత కోటలో ఉన్నట్టు, అక్కడి మెట్ల కటకటాల మీద ఉక్కు కవచం తొడిగిన పెద్ద చెయ్యి ఉన్నట్టు వాల్‌పోల్‌కి కల వచ్చిందట. పాత కోటలు, దయ్యాలు, భయాలతో నడిచే కథల్ని గోథిక్ నవలలంటారు, ఇంగ్లిష్‌లో అలాంటి తొలి నవలగా చెప్పుకునే ‘ది క్యాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ ఆయన రాయడం అలా మొదలైంది.

నాకు బాగా నచ్చింది లైబ్రరీ. పుస్తకాల అరలకున్న కమానులు లండన్ పాత సెయింట్ పాల్స్ కెథీడ్రల్ తలుపుల నమూనా. ఆ కెథీడ్రల్ 1666లోనే కాలిపోయింది, పాత పుస్తకంలో బొమ్మ చూసి చేయించాడు. చలిమంట పెట్టుకునే ఫైర్‌ప్లేస్‌కేమో వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని ఓ రాకుమారుడి సమాధి నమూనా. గైడ్ చెప్పింది తెలుగులో చెప్పేసరికి అమ్మ, “గోరీ చూసి పొయ్యి చేయించుకున్నాడా? ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా?” అంది.

అక్కణ్ణించి గ్యాలరీలోకి వచ్చేసరికి కళ్లు జిగేల్‌మంటాయి. 56 అడుగుల పొడవు గది, ఎర్రటి గోడలు, పైన విసనకర్రలు వరసగా విప్పినట్టు తెలుపూ బంగారమూ కలిసిన కప్పు. కింది చీకటంతా దీనికోసం దాచిపెట్టిందే అనిపించింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఏడో హెన్రీ చాపెల్ కప్పుకు నకలు ఇది. అక్కడ రాయే బరువు మోస్తుంది, ఇక్కడ మోసేదేమీ లేదు, కాగితం గుజ్జుతో పోతపోసిన అలంకారం. అమ్మ తల పైకెత్తి చాలాసేపు చూసింది. “మీ అమ్మమ్మ పాత కాగితాలు నానబెట్టి, మెంతులేసి రుబ్బి, బిందె మీద అంటించి బుట్టలు చేసేది చూడూ, అదే ఇది” అని తేల్చేసింది.

నకిలీ అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. తన ఇల్లు కాగితపు ఇల్లేనని వాల్‌పోల్ తనే నవ్వుకునేవాడు, ఎవర్నీ మోసం చేయలేదు. కోసు కమానులుండే మధ్యయుగాల చర్చిల తీరును మళ్లీ తెచ్చిన పద్ధతిని గోథిక్ రివైవల్ అంటారు, మన మెదక్ చర్చి దాకా వచ్చిన దానికి తొలి మెట్లలో ఇదొకటి.

వెళ్తే లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైలుంది, స్టేషన్ పేరు కూడా స్ట్రాబెర్రీ హిల్లే. అన్ని రోజులూ తెరవరు, మేం ఒకసారి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాం, ముందే చూసుకోండి. 1842లో 24 రోజులు వేలం వేసి సామానంతా అమ్మేశారు, అందుకే గదులు కాస్త బోసిగా ఉంటాయి. ఎండ ఉన్న రోజైతే రంగు అద్దాల వెలుగు నేలమీద పడుతుంది.

ఇంటికొచ్చాక అమ్మ వారం పేపర్లు బకెట్లో నానబెట్టింది. బుట్ట కొంచెం వంకరగా వచ్చింది, ఇప్పుడు అందులో ఉల్లిపాయలు పోస్తున్నాం.