టికెట్ కట్టేస్తే పీడ వదిలినట్టేనా?

ప్రశ్న: కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్‌లో చదువుకుంటున్నాను, నాది జీ2 (కొత్త డ్రైవర్లకిచ్చే) లైసెన్స్. మంచు మీద కారు జారి ముందు బండికి తగిలింది. పోలీసు కేర్‌లెస్ డ్రైవింగ్ (అజాగ్రత్తగా నడపడం) అని టికెట్, అంటే జరిమానా చీటీ, ఇచ్చాడు. కట్టేయమంటున్నారు రూమ్మేట్లు. జైలుకు పంపుతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, కట్టొద్దు. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే! అప్పుడు 6 డీమెరిట్ పాయింట్లు (లైసెన్స్ మీద పడే తప్పు మార్కులు) పడతాయి, నీది జీ2 కాబట్టి 30 రోజులు లైసెన్స్ సస్పెండ్ అవుతుంది, ఇన్సూరెన్స్ మోత వేరే. జైలు భయం మాత్రం వదిలెయ్, జరిమానా మొత్తం రాసిచ్చిన మామూలు టికెట్‌కి ఒంటారియోలో జైలు ఉండదు, ఇది క్రిమినల్ రికార్డూ కాదు. టికెట్ కాకుండా కోర్టుకు రమ్మని సమన్లు ఇచ్చి ఉంటే మాత్రం సంగతి వేరు, వెంటనే లాయర్‌ని కలువు.

టికెట్ వెనక చూడు, 15 రోజుల్లోపు ట్రయల్ అడగొచ్చు, లేదా ముందు ప్రాసిక్యూటర్‌తో మాట్లాడొచ్చు. ట్రయల్ అడిగాక డిస్‌క్లోజర్ (నీ మీద ఉన్న ఆధారాల కాపీ) కోరితే పోలీసు రాసుకున్న నోట్సు చేతికొస్తుంది. దాన్ని అక్షరం అక్షరం చదువు, రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉందని ఆయనే రాసి ఉంటే అది నీకు పనికొచ్చే ముక్క. 1978లో కెనడా సుప్రీంకోర్టు సూ సెయింట్ మేరీ కేసులో చెప్పినదాని ప్రకారం, ఇలాంటి నేరాల్లో తగిన జాగ్రత్త తీసుకున్నానని నువ్వు నిరూపించగలిగితే శిక్ష పడదు. అందుకే వింటర్ టైర్ల రసీదు, ఆ చోటి ఫొటోలు ఈరోజే దాచుకో.

లా సొసైటీ (లాయర్లకు లైసెన్సులిచ్చే సంస్థ) లైసెన్స్ ఉన్న పారాలీగల్ (లాయర్ కాకపోయినా ఇలాంటి చిన్న కేసులు చూసేవాళ్లు) కూడా ఈ కోర్టులో నీ తరఫున వాదించొచ్చు. ఫీజు ముందే కాగితం మీద రాయించుకో.