‘గుర్తు లేని తుపాకి’ అనవచ్చా?

సందేహం: ఒక పాత తుపాకి ఫొటోలు చూసి దాని గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. మందూ గుండూ రెండూ గొట్టం మూతి నుంచే వేసి కూరాలి. పేరు, నంబరు, ముద్ర ఏవీ లేవు. ‘గుర్తు లేని అరుదైన ముఖపూరక రైఫిల్’ అని రాశాను. నా స్నేహితుడేమో ‘నాటు తుపాకి అంటే సరిపోయేదానికి ఇంత తిప్పలెందుకు’ అంటున్నాడు. ఏది సరి? తుపాకి అనాలా, తుపాకీ అనాలా?

సమాధానం: మీరు రాసిన నాలుగు మాటల్లో ఒక్కటీ ఉన్నదున్నట్టు నిలబడదండి, మీ స్నేహితుడి మాట అసలే వద్దు.

ముందు ‘గుర్తు లేని’ సంగతి. తెలుగులో ‘గుర్తు లేదు’ అనగానే తట్టేది జ్ఞాపకం లేదనే అర్థం. పోనీ ‘గుర్తు తెలియని’ అందామంటే పేపర్లు దాన్ని ‘గుర్తు తెలియని వ్యక్తి’కి రాసిచ్చేశాయి. మీరు చెప్పదలచుకున్నది ఆ రెండూ కాదు, చేసినవాళ్ల ముద్ర లేదని. అందుకని ‘ముద్రలు లేని’ అనండి. అయితే అది కూడా ఫొటో చూసి తేల్చేసే మాట కాదు. లండన్ తుపాకి తయారీదారుల సంఘానికి 1637లోనే రాజుగారి అధికార పత్రం దొరికింది, బర్మింగ్‌హామ్‌లో 1813 చట్టంతో తుపాకి గొట్టాల పరీక్షశాల వచ్చింది. గొట్టం పేలుడుకు తట్టుకుంటుందని చూసి ఇలాంటి చోట్ల వేసిన ముద్రలు కొన్ని తుపాకుల్లో గొట్టం అడుగున, కర్ర కప్పేసే చోట ఉంటాయి. గొట్టాన్ని కర్ర నుంచి విడదీస్తే గానీ అవి కనబడవు. మీరు చూసినవి ఫొటోలే కాబట్టి ‘పైకి ముద్రలేవీ కనిపించని’ అని రాయడమే న్యాయం.

ఇక రైఫిల్. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పొడుగ్గా, భుజానికి ఆనించి పేల్చేదల్లా రైఫిల్ కాదు. గొట్టం లోపలి గోడకు మెలి తిరిగిన గాడులు ఉంటేనే రైఫిల్, గుండును గిరగిరా తిప్పి వదిలేవి ఆ గాడులే. లోపల నున్నగా ఉంటే, సైనికుల తుపాకి అయిన పక్షంలో, మస్కట్ అంటారు. బయటి రూపం చూసి ఈ తేడా చెప్పలేం. బ్రిటిష్ సైన్యం వాడిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ మూడు గాడుల రైఫిల్, దాన్నీ మూతి నుంచే నింపాలి. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిల కోసం తెచ్చిన తుపాకులు చూడ్డానికి అచ్చం దానిలాగే ఉండేవి గానీ లోపల గాడుల్లేవు. ఇది చాలదన్నట్టు, అరిగిపోయిన రైఫిల్ గొట్టాలను తర్వాతి యజమానులు లోపల తొలిపించి నున్నగా చేయించుకోవడం కూడా ఉండేది. కాబట్టి గొట్టంలోకి లైటు వేసి చూసినవాళ్లు గాడులున్నాయని చెప్పేదాకా ‘తుపాకి’ అనే వదిలేయండి. ‘మరతుపాకి’ అని తెలుగు చేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. మర అంటే స్క్రూ చుట్టూ అవుతుంది, యంత్రమూ అవుతుంది, చదివేవాడు మాత్రం మెషిన్ గన్ అనే అనుకుంటాడు.

‘ముఖపూరక’ చూసి నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. మనకు ‘మందు దట్టించడం’ అనే చక్కటి వాడుక ఉండగా ఇంత పండితభాష దేనికి? ‘మూతి నుంచి మందు దట్టించే తుపాకి’ అంటే కాస్త పొడుగే, కానీ ఎవరికైనా అర్థమవుతుంది. ఇంకా మంచి పని ఏమిటంటే మందు ఎలా అంటుకుంటుందో చూసి పేరు పెట్టడం. వత్తి నిప్పుతో అంటుకుంటే వత్తి తుపాకి, రాయి ఉక్కుకు కొట్టుకుని రవ్వలు రాలితే చెకుముకి తుపాకి, చిన్న రాగి టోపీ మీద సుత్తి పడి పేలితే టోపీ తుపాకి. దెబ్బకు పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతబోధకుడు 1807లో పేటెంటు తీసుకున్నాడు, రాగి టోపీ ఆ తర్వాత వచ్చింది. కానీ టోపీ తుపాకి కనబడగానే అది టోపీల కాలంలో పుట్టిందనుకోవద్దు, పాత చెకుముకి తుపాకులను టోపీకి మార్పించినవి లెక్కలేనన్ని. అలాంటిదైతే ‘టోపీకి మార్చిన చెకుముకి తుపాకి’ అనాలి.

‘నాటు తుపాకి’ ఎందుకు వద్దన్నానంటే, ఆ మాటలో ఇప్పుడు దొంగచాటుగా, మొరటుగా చేసినదనే ధ్వని ఉంది. ముద్ర లేనంత మాత్రాన మొరటుదైపోదు. అమెరికాలో పెన్సిల్వేనియా పనివాళ్లు చేసిన పొడుగు రైఫిళ్లలో, పనితనం చూస్తే ముచ్చటేసేవాటిలో కూడా, చేసినవాడి పేరు లేనివి ఎన్నో ఉన్నాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది: మందు అంటించే యంత్రభాగాన్ని చాలామంది రెడీమేడ్‌గా కొని బిగించేవారు. దాని పలక మీద పేరుంటే అది ఆ పలక చేసినవాడిదో అమ్మినవాడిదో కావచ్చు, తుపాకి చేసినవాడిదే అని రాసేయకండి. అదేమిటో ఇంకా తేలలేదు కాబట్టి ‘అరుదైన’ కూడా కొట్టేయండి, ‘పాత’ చాలు.

తుపాకి, తుపాకీ రెండూ వాడుకలో ఉన్నాయి. నన్నడిగితే హ్రస్వమే. కుర్చీకి బహువచనం కుర్చీలు, కాపీకి కాపీలు. తుపాకికి మాత్రం మనం ‘తుపాకులు’ అంటాం, కత్తి కత్తులైనట్టు. అంటే మన నోట్లో అది ఎప్పుడో ‘తుపాకి’గా కుదురుకుంది. ఏది రాసినా వ్యాసమంతా ఒకటే రాయండి.