వణుకుతుంటే ముందు నేల చూడు

ఒరేయ్ నాన్నా,

కుక్కపిల్లను తెచ్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఒక్కడివే ఉంటూ ఒక ప్రాణాన్ని నెత్తిన వేసుకుంటున్నావు, గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టీకాలు వేయించు. రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి ఎక్కడుందో ముందే కనుక్కో. ఇవి నీకు తెలిసినవే. తెలియనిది మా కుక్క మల్లి సంగతి.

అప్పటికి నువ్వు చాలా చిన్నవాడివి. ఓ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మల్లి గుమ్మం దగ్గరికి రాలేదు. మంచం కింద మూలన నక్కి ఉంది. పిలిస్తే లేచింది గానీ వెనక కాళ్లు తడబడ్డాయి. వీపు మీద చెయ్యి వేస్తే, చర్మం కింద ఫోను వైబ్రేట్ అవుతున్నట్టు సన్నగా వణుకు. చలేమో అనుకుని దుప్పటి కప్పాను. నా హ్యాండ్‌బ్యాగులోంచి లాగి చింపిన చూయింగ్ గమ్ ప్యాకెట్ ముక్కలు నేలంతా ఉన్నాయి. దాన్ని నాలుగు తిట్టి, ఊడ్చి పారేశాను.

అర్ధరాత్రి ఫిట్స్ వచ్చాయి. నాలుక మింగేస్తుందేమోనని నోట్లో వేలు పెట్టాను. నా బొటనవేలి మీద మచ్చ తలుపు సందులో పడి అయిందని నీకు చెప్పేదాన్నే, అది అబద్ధం. కుక్కలు నాలుక మింగవురా. స్పృహలో లేనప్పుడు మాత్రం కొరుకుతాయి. సబ్బుతో పావుగంట కడుక్కుని, నేనూ సూదులు వేయించుకున్నాను.

"ఏమైనా తిందా?" అని డాక్టరు అడిగారు. "లేదండీ" అన్నాను. అంత ధీమాగా అన్నాను! రక్తంలో చక్కెర పడిపోయిందని గ్లూకోజ్ ఎక్కించారు. ఎందుకు పడిపోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇల్లు ఊడుస్తుంటే చీపురు పుల్లల మధ్య ఇరుక్కున్న రేకు ముక్క కనిపించింది. దాని మీద 'షుగర్ ఫ్రీ' అని ఉంది. చక్కెర బదులు అందులో వేసే జైలిటాల్ మనల్ని ఏమీ చెయ్యదు. కుక్కకైతే ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగజిమ్మి చక్కెర పడిపోతుంది, ఎక్కువ తింటే లివర్ కూడా పాడవుతుంది. రాత్రే చెప్పి ఉంటే అప్పుడే లివర్ పరీక్షలు మొదలుపెట్టేవాళ్లమన్నారు డాక్టరు.

అందుకే, వణికితే ముందు నేల చూడు. చెత్తబుట్ట చూడు. చాక్లెట్, బూజు పట్టిన తిండి, ఎలుకల మందు, నత్తల మందు, ఏది దొరికినా రేపర్‌తో సహా పట్టుకెళ్లు. మన నొప్పి బిళ్లలు వెయ్యకు, నోట్లో నీళ్లు పొయ్యకు, నీ అంతట నువ్వు వాంతి చేయించకు.

వణికిన ప్రతిసారీ టెన్షన్ పడక్కర్లేదులే. ఉరుముకి వణుకుతాయి, స్నానం చేయిస్తే వణుకుతాయి. నిద్రలో కాళ్లు ఆడిస్తుంటే పిలువు, లేస్తే అది కలే. పిలిచినా పలక్కుండా కాళ్లు కొట్టుకుంటూ చొంగ కారుస్తుంటే ఫిట్స్. చుట్టూ ఉన్న సామాన్లు జరిపి, గడియారం చూసుకుని, ఫోన్లో వీడియో తియ్యి. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి అది మామూలుగా తోక ఊపుతూ నిలబడుతుంది, నీ మాట ఎవరూ నమ్మరు. 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ వచ్చినా, తెల్లారేదాకా ఆగకు. నాకు ఫోన్ చెయ్యి, ఎన్ని గంటలైనా సరే.

మల్లి ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. నా తెలివి వల్ల కాదు. బ్యాగు కుర్చీలో పెట్టకుండా గోడకు అంత ఎత్తున తగిలిస్తానని మీరంతా నవ్వుతారు కదా. నీ గదిలో మేకు కొట్టావా?

మీ అత్త